రీఫ్ ట్యాంకులో పచ్చ నాచు: టెస్ట్‌లో ఫాస్ఫేట్ సున్నా, రాళ్ల మీద మాత్రం అడవి

కొండాపూర్_రీఫ్:
అందరికీ నమస్తే. 200 లీటర్ల ఉప్పునీటి కోరల్ ట్యాంకు, డ్రై రాక్‌తో (ఎండు రీఫ్ రాళ్లు) మొదలుపెట్టాను, ఇంకా ఏడాది నిండలేదు. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా చేప, కొన్ని జోయాలు (బొత్తాల్లాంటి మెత్తటి కోరల్స్), ఒక లెదర్ కోరల్. రాళ్ల మీద వేలెడంత పొడుగు పచ్చ వెంట్రుకలు లేచాయి, జోయాలు వాటి కింద మూసుకుపోయి ఉన్నాయి. నైట్రేట్ 2, ఫాస్ఫేట్ 0 వస్తోంది. తిండే లేకపోతే ఈ నాచు ఏం తిని బతుకుతోంది? షాపతను ఏదో నాచు మందు ఇస్తానంటున్నాడు, ఫాస్ఫేట్‌ని పీల్చే జీఎఫ్ఓ అనే ఐరన్ గుళికలు కూడా వేయమంటున్నాడు. నీళ్లు ఇంట్లో తాగే ఆర్వోవే.

ఫ్రిస్కో_సాల్టీ:
అన్నా, టెస్ట్ కిట్ చెప్పేది నీళ్లలో ఎంత మిగిలిందో మాత్రమే. ట్యాంకులోకి ఎంత వస్తోందో అది చెప్పదు. డ్రై రాక్‌లో పాత ఫాస్ఫేట్ ఇంకి ఉండి, మెల్లగా బయటికి వస్తుంటుంది. నాచు ఆ రాయి మీదే కూర్చుంది కాబట్టి, నీళ్లలో కలిసేలోపే లాగేసుకుంటుంది. అందుకే నీకు సున్నా. ఈ సున్నా చూసి జీఎఫ్ఓ వేస్తే ముందు మాడేది నీ కోరల్సే.

ముందు చేత్తో పీకాలి, వేరే దారి లేదు. పంపులన్నీ ఆపి, కుచ్చులు కుచ్చులుగా మెలితిప్పి లాగు. మిగిలిన మొదళ్లని టూత్ బ్రష్‌తో గీకుతూ పక్కనే సన్న పైపు పెట్టి సైఫన్ చెయ్. తెగిన ముక్కలు ట్యాంకులో వదిలితే ఇంకో రాయికి అంటుకుంటాయి. పైపు రెండో చివర ఫిల్టర్ సాక్‌లో పెడితే అవి అందులో ఆగిపోతాయి, నీళ్లు మళ్లీ వాడుకోవచ్చు. పీకిన కొన్ని రోజులకి మళ్లీ టెస్ట్ చెయ్, అప్పుడు వచ్చేదే నీ అసలు నంబర్.

విశాఖ_అల:
ఆర్వో అన్నారు కదండీ, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) ఎంత? తాగడానికి అమ్మే మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపేస్తుంది. బోరు నీళ్లయితే ఇంక చెప్పక్కర్లేదు. మనకి కావలసింది ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని కూడా లాగేసేది), మీటర్ మీద 0. ఇంకో సంగతి, రెజిన్ అయిపోయేటప్పుడు ముందు జారిపోయేది సిలికా. మీటర్ ఇంకా సున్నా చూపిస్తుండగానే గాజు మీద గోధుమరంగు పొడి కనిపిస్తే రెజిన్ మార్చేయండి.

కొండాపూర్_రీఫ్:
మీటర్ పెట్టి చూశా, 68! కంట్రోలర్ సగం తెరిచే ఉందట. డీఐ కేట్రిడ్జ్ ఆర్డర్ పెట్టాను.

లత_మెల్‌బోర్న్:
పీకే ముందు అది ఏ నాచో చూసుకోండి బాబూ. ఒక పోగు తీసి తెల్ల సాసర్‌లో నీళ్లు పోసి వేయండి. ఉత్త దారంలా ఉంటే మామూలు హెయిర్ ఆల్గే. నడుమ కాడ, దానికి రెండు పక్కలా ఈకలా కొమ్మలు ఉంటే బ్రయాప్సిస్. రెండోదైతే నత్తలు దాని జోలికి పోవు, ఫాస్ఫేట్ తగ్గించినా అది లొంగదు. దానికి చాలామంది వాడేది ఫ్లుకోనజోల్, అవును, మనుషులు ఫంగస్‌కి వేసుకునే మందే. లీటరుకి సుమారు 5 మిల్లీగ్రాములు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి అసలు నీళ్ల లెక్క కట్టాలి. ఫిల్టర్‌లో కార్బన్ తీసేయాలి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) కప్పు తీసి గాలికి మాత్రం నడవనివ్వాలి, రెండు మూడు వారాలు ఆగాలి. మొదటి వారం ఏమీ జరగదు, కంగారుపడి ఇంకో డోసు వేయకండి. ఎక్కువగా ఉన్నప్పుడు పీకకుండా మందు వేస్తే చచ్చిన నాచంతా ట్యాంకులోనే కుళ్లి నీళ్లు పాడవుతాయి.

సికింద్రాబాద్_నెమో:
ఇంత శ్రమ ఎందుకు బ్రో? జీఎఫ్ఓ వేసి, మూడు రోజులు లైట్లు ఆపేస్తే సరిపోతుంది కదా.

ఫ్రిస్కో_సాల్టీ:
లైట్లు ఆపడం ఎర్ర జిగురుకి, అంటే సయనోబ్యాక్టీరియాకి, కొంచెం పనిచేస్తుంది. వేళ్లూనిన హెయిర్ ఆల్గే మూడు రోజుల చీకటికి చావదు. ఇక జీఎఫ్ఓ సంగతి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ నిజంగానే సున్నాకి పడిపోతే, ఆ ఖాళీలోకి డైనోలు (డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు) వస్తాయి. గోధుమరంగు చీమిడిలా, బుడగలు వేలాడుతూ ఉంటాయి. మా ఊరి గ్రూపులో చూసిన డైనో ట్యాంకుల్లో ఎక్కువ భాగం ఇలా 'శుభ్రం' చేసినవే. హెయిర్ ఆల్గే చూడ్డానికి అసహ్యం, అంతే. ఆస్ట్రియాప్సిస్ లాంటి డైనోలు విషం, నత్తలు చచ్చిపోతాయి.

లత_మెల్‌బోర్న్:
డైనోనా కాదా అని అనుమానం ఉంటే, కొంచెం జిగురు నీళ్లతో సీసాలో వేసి బాగా ఊపి, కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. వడకట్టిన నీళ్లని ఓ గంట వెలుతురులో పెడితే మళ్లీ తీగలా కలుసుకుంటే డైనోలే అనుకోవచ్చు. ఏ రకమో తేల్చడానికి చవక మైక్రోస్కోప్ చాలు. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కాబట్టి దానికి యూవీ దీపం (నీళ్లని దాని గుండా పంపితే సూక్ష్మజీవుల్ని చంపేది) పనిచేస్తుంది. ఆంఫిడినియం ఇసుకలోనే ఉండిపోతుంది, దానికి యూవీ కొన్నా డబ్బు దండగ.

సికింద్రాబాద్_నెమో:
సరే, ఒప్పుకున్నా. మరి రెఫ్యూజియంలో (ట్యాంకు కింద ఉండే సంప్ అనే ఫిల్టర్ తొట్టిలో నాచు పెంచే చోటు) పెట్టడానికి కీటో, అంటే కీటోమార్ఫా అనే పచ్చ నాచు, ఎక్కడ దొరుకుతుంది? రుషికొండ రాళ్ల మీద పచ్చటి పోగులు చాలా ఉంటాయి కదా, సంప్‌లో వేస్తే?

విశాఖ_అల:
వద్దండీ. అక్కడ కీటోమార్ఫా ఉన్న మాట నిజమే, కానీ అది అలల దెబ్బలో రాయిని కరుచుకుని పెరిగే జాతి. సంప్‌లో మనం వాడేది దేనికీ అంటుకోకుండా ఉండలా దొర్లేది. పైగా తీరం నీళ్లలో ఏం కలుస్తుందో, ఆ నాచుతో ఏ పురుగులు వస్తాయో తెలీదు. తెలిసినవాళ్ల ట్యాంకు నుంచి గుప్పెడు అడగండి, ఎవరికైనా ఎక్కువే ఉంటుంది. రాత్రిపూట దానికి లైటు వేస్తే పీహెచ్ కూడా పడిపోకుండా ఉంటుంది. అలాగే సముద్రం నుంచి కోరల్ ఉన్న రాళ్లు తెచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. 2001 నుంచి రీఫ్ కట్టే కోరల్స్ అన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

కొండాపూర్_రీఫ్:
అప్‌డేట్. సాసర్‌లో చూస్తే ఉత్త దారాలే, బ్రయాప్సిస్ కాదు. రెండు విడతలుగా పీకాను. ఫాస్ఫేట్ కోసం హానా చెక్కర్ అనే చిన్న మీటర్ కొన్నాను, 60 చూపిస్తోంది. ఇది ఎక్కువా తక్కువా?

ఫ్రిస్కో_సాల్టీ:
ఆ చిన్న హానా చెక్కర్ చెప్పేది ఫాస్ఫరస్, అదీ పీపీబీలో (వంద కోట్లలో ఎన్ని భాగాలో). 3.066తో గుణించి 1000తో భాగిస్తే 0.18 పీపీఎం ఫాస్ఫేట్. ఎక్కువే, కానీ ప్రమాదం లేదు. ఇప్పుడు జీఎఫ్ఓ వేసుకో, ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టి. 0.05, 0.1 మధ్యకి మెల్లగా వస్తే చాలు. నైట్రేట్ 5 దాకా ఉండనీ.

లత_మెల్‌బోర్న్:
ఇప్పుడు నత్తలు కొనండి, ముందు కాదు. టర్బో నత్తలు పొట్టి నాచునే గీకి తింటాయి, పొడుగు వెంట్రుకల్ని ముట్టవు. టక్సీడో అర్చిన్ (ముళ్ల ఉండలాంటి సముద్రజీవి) ఇంకా బాగా తింటుంది, కాకపోతే అంటించని జోయా ముక్కల్ని టోపీలా నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. నాచు తినే టాంగ్ చేప మాత్రం 200 లీటర్లలో వద్దు, ఎవరు చెప్పినా సరే.

కొండాపూర్_రీఫ్:
థాంక్యూ లత గారూ. పీకుతుంటే ఒక రాయి వెనక ఆకుపచ్చ గాజు పూసల్లాంటివి నాలుగైదు కనిపించాయి. ఇదో కొత్త టెన్షన్.

విశాఖ_అల:
వలోనియా, బబుల్ ఆల్గే. ఒక్కో బుడగా ఒకే కణం. పగిలితే ట్యాంకంతా పాకుతుందని కొందరు, ఏమీ కాదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనతో మీకు పనిలేదు. రాయిని బకెట్ ఉప్పునీళ్లలోకి తీసి, సన్న స్క్రూడ్రైవర్‌తో మొదలు కింద నుంచి లేపి, రాయిని కడిగి వెనక్కి పెట్టేయండి. ఆ బకెట్ నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకండి.