కెప్టెన్ బియాండ్ 1972 ఎల్పీ: పాటల మధ్య గ్యాప్ పోవడం లేదు

రాక్ బృందం డీప్ పర్పుల్ మొదటి గాయకుడు రాడ్ ఎవాన్స్, ఐరన్ బటర్‌ఫ్లై బృందం నుంచి వచ్చిన ఇద్దరు, డ్రమ్మర్ బాబీ కాల్డ్‌వెల్ కలిసి కెప్టెన్ బియాండ్ అనే బృందంగా చేసిన ఆల్బమ్ ఇది. ఎంత గొప్పగా ఉంటుందో, వినేవాళ్లు అంత తక్కువ. పోయిన నెల పాత రికార్డు దొరికితే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో ఎక్కించాను.

సమస్య ఏమిటంటే, మొదటి వైపు మొదటి మూడు పాటలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తాయి. పాట మొదలయ్యే చోట లేబుల్స్ (గుర్తులు) పెట్టి విడగొట్టి 320 కేబీపీఎస్ ఎంపీ3గా తీస్తే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రతి అతుకు దగ్గరా పావు సెకను నిశ్శబ్దం. డ్రమ్ దెబ్బ సగంలో తెగిపోతోంది, ప్రాణం ఉసూరుమంటోంది.

ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా మోగించే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంది. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేది) ఒక సెకను పెడితే దరువు అలుక్కుపోయింది. కుదించని వేవ్ ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా మోగాయి, ఫోన్‌లో మాత్రం అతుకు దగ్గర చిన్న 'టిక్' మిగిలింది. వైపు మొత్తం ఒకే ఫైలుగా పెడితే ఏ ఇబ్బందీ లేదు గానీ, కావలసిన పాటకి నేరుగా వెళ్లలేను.

పాటలు విడివిడిగానే ఉంటూ ఫోన్‌లో గ్యాప్, టిక్ రెండూ రాకూడదంటే ఏ ఫార్మాట్‌లో తీసి, ఏ ప్లేయర్‌లో వినాలి?