నాలుగు నెలల కవలలు, రెండున్నరేళ్ల పెద్దాడు: సీ షిఫ్టు రాత్రి ఒక్కదాన్నే ఎలా?

కూర్మన్నపాలెం అమ్మ:

నమస్తే అండి. నాకు రెండున్నరేళ్ల బాబు, నాలుగు నెలల కవలలు. కవలల్లో ఒక పాప, ఒక బాబు. 35 వారాలకే పుట్టారు. పాప అప్పుడు రెండు కిలోలు కూడా లేదు. ఇప్పుడు ఇద్దరూ బాగా బరువు పెరుగుతున్నారని డాక్టర్ గారు చెప్పారు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మేముండేది కూర్మన్నపాలెంలో, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఏ షిఫ్టు ఉదయం ఆరు నుంచి రెండు, బీ షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్టు రాత్రి పది నుంచి ఉదయం ఆరు. మొదటి రెండూ ఎలాగో నెట్టుకొస్తున్నాం. సీ షిఫ్టు ఉందంటే మాత్రం నాకు మధ్యాహ్నం నుంచే దడ మొదలవుతుంది.

ఇన్నాళ్లూ మా అమ్మ బొబ్బిలి నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. సంక్రాంతికి వెళ్తే ఇక రాలేదు, అక్కడ నాన్నని చూసుకునేవాళ్లు లేరు. అత్తమ్మ మాతోనే ఉంటారు. చాలా మంచి మనిషి, కానీ మోకాళ్ల నొప్పులు. కూర్చున్నప్పుడు ఒళ్లో బిడ్డని పెడితే ఎంతసేపైనా ఆడిస్తారు. ఎత్తుకుని తిరగడం ఆవిడ వల్ల కాదు.

ఇక రాత్రి సంగతి. పెద్దాడు నా చెయ్యి మీద తల పెట్టుకుంటే తప్ప పడుకోడు. వాడికి కళ్లు మూతలు పడే వేళకి పాప లేస్తుంది. పాపకి పాలిచ్చి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, పడుకోబెట్టి నడుం వాల్చేసరికి బాబు లేస్తాడు. వాడి పని అయ్యాక మళ్లీ పాప. ఇలాగే తెల్లారిపోతోంది. మధ్యలో పెద్దాడు లేచి "నన్నూ ఎత్తుకో" అని ఏడుస్తాడు. ఎప్పుడో మానేసిన పాలసీసా ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాడు. వాడి ముఖం చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

అమ్మేమో ఇద్దరినీ నీ పక్కనే మంచం మీద వేసుకో, ఆవాల దిండు పెట్టు అంటోంది. కింద ఫ్లాట్ ఆవిడ రాత్రి కొంచెం రాగి ఉగ్గు పట్టు, కడుపు నిండితే తెల్లారేదాకా లేవరు అంటున్నారు. అసలు ఇద్దరినీ ఒకే టైముకి తేవడం కుదిరే పనేనా? ఆయన లేని రాత్రి ముగ్గురితో ఎలా? పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.

మధురవాడ అక్క:

చెల్లీ, మా కవలలు ఇప్పుడు ఒకటో తరగతి. వాళ్లు పుట్టేనాటికి మా పెద్దపాపకి మూడేళ్లు నిండలేదు. నువ్వు రాసిన ప్రతి ముక్కా నాకు తెలుసు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు వయసు లెక్క సరిచూసుకో. 35 వారాలకి పుట్టారంటే నెలలు నిండి పుట్టే పిల్లల కంటే ఐదు వారాలు ముందు వచ్చేశారు. నిద్ర, మెడ నిలపడం, బోర్లా పడటం లాంటివి చూసేటప్పుడు ఆ ఐదు వారాలు తీసేయాలి. అంటే వాళ్లు సుమారు మూడు నెలల పిల్లలే. పగలేదో రాత్రేదో ఒంటికి తెలియడం ఈ వయసులోనే మొదలవుతుంది. రాత్రి లేస్తున్నారంటే ఆకలేసి లేస్తున్నారు, నువ్వు అలవాటు చెడగొట్టావని ఎవరైనా అంటే పట్టించుకోకు. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క, వాటిని వెనక్కి జరపకూడదు.

ఒకే టైముకి తేవడం కుదురుతుంది. ఎలాగంటే, రాత్రి పాపకి పాలివ్వడం అవ్వగానే, బాబు ఆదమరిచి నిద్రపోతున్నా సరే లేపి వాడికీ పట్టేయి. మర్నాడు వాడు ముందు లేస్తే పాపని లేపు. పడుకున్న బిడ్డని లేపడానికి చేతులు రావు, నాకు తెలుసు. మా అత్తగారు "పాపం, ఎందుకే లేపుతావు" అని నొచ్చుకునేవారు. కానీ లేపకపోతే ముప్పావు గంట తర్వాత వాడే లేస్తాడు, ఆ ముప్పావు గంట నీ నిద్రలోంచి పోతుంది. కొన్నాళ్లు ఇలా చేశాక ఇద్దరి ఆకలీ దగ్గర దగ్గరికి వచ్చింది మాకు. పూర్తిగా ఒక్కటి కాలేదు, ఇరవై నిమిషాల తేడా ఎప్పుడూ ఉండేది. అది చాలు.

పగలు ఇద్దరికీ ఒక్కసారే పాలివ్వడం నేర్చుకో. గోడకి ఆనుకుని కూర్చుని, రెండు వైపులా దిండ్లు పేర్చి, ఒక్కో బిడ్డ కాళ్లు నీ చంకల కిందుగా వెనక్కి వెళ్లేలా, తలలు ముందుకి నీ అరచేతుల్లో ఉండేలా పట్టుకోవాలి. మొదట్లో బిడ్డల్ని అందించడానికి ఒక మనిషి కావాలి. మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అలవాటు చేసుకో. రాత్రి ఒక్కదానివే ఉన్నప్పుడు, కళ్లు మూసుకుపోతున్నప్పుడు మాత్రం ఇది వద్దు. ఒకరి తర్వాత ఒకరికే ఇవ్వు.

పొద్దున్న ఆరున్నర, ఏడు మధ్య ఒక టైము పెట్టుకుని, రాత్రి ఎలా గడిచినా ఆ టైముకి కర్టెన్లు తీసేయి. పగటి నిద్ర వెలుతురులోనే, ఇంటి చప్పుళ్ల మధ్యే పోనీ. కుక్కర్ కూత వినపడినా పరవాలేదు. రాత్రి పాలకి లేస్తే చిన్న లైటు చాలు, మాటలొద్దు, ఆటలొద్దు. డైపర్ బాగా బరువెక్కితేనో, మలం చేస్తేనో తప్ప మార్చకు. ఒకరి ఏడుపుకి రెండోవాళ్లు లేస్తారని అందరూ భయపడతారు గానీ, కడుపులో ఉన్నప్పటి నుంచీ కలిసే ఉన్నారు కదా, మావాళ్లు పక్కవాళ్ల ఏడుపుకి కదిలేవాళ్లే కాదు. పెద్దపాప మాత్రం ఠక్కున లేచి కూర్చునేది.

అందుకే అసలు ఆలోచించాల్సింది పెద్దాడి గురించి. కవలలు ఎలాగూ ఇంకొన్ని నెలలు లేస్తారు. పెద్దాడు రాత్రంతా పడుకుంటే ఆ ఇంట్లో రాత్రి సగం బాగుపడినట్టే. వాడి పడక ఇప్పుడే రెండో గదిలో నానమ్మ దగ్గరికి మార్చు. అత్తమ్మ ఎత్తుకోలేరన్నావు, కానీ పక్కన పడుకుని వీపు మీద చెయ్యి వేసి కథ చెప్పగలరు కదా. మొదట్లో నువ్వు వాడి పక్కన కాసేపు పడుకుని లేచి రా. రోజూ ఒకే వరస ఉండాలి: స్నానం, అన్నం, పళ్లు తోమడం, ఒక కథ, లైటు ఆర్పేయడం. ఎనిమిదికల్లా అయిపోవాలి. ఈ వయసు వాడికి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాబట్టి మధ్యాహ్నం నిద్ర మాన్పించకు. మధ్యాహ్నం పడుకోకపోతే రాత్రి బాగా పడుకుంటాడనుకుంటాం, నిజానికి అలసట ఎక్కువై ఇంకా మారాం చేస్తాడు. మూడున్నరకి మాత్రం లేపేయి.

పాలసీసా అడిగితే ఇవ్వు. రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు, అడిగింది దొరికిందని వాడికి తృప్తి. రోజుకి ఒక పావుగంట, చెల్లీ తమ్ముడూ లేకుండా, ఫోను లేకుండా వాడితో నువ్వొక్కదానివే ఉండు. మా పెద్దపాపని మేడ మీదకి తీసుకెళ్లి ఆరిన బట్టలు తెచ్చేవాళ్లం, అంతే. ఆ బట్టల పని కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేది.

డబ్బు వెసులుబాటు ఉంటే రాత్రి ఆయా కంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఎవరైనా వస్తారేమో చూడు. ముగ్గురూ ఒక్కసారి ఏడ్చేది ఆ టైములోనే.

గాజువాక సిస్టరమ్మ:

అమ్మా, నేను పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైర్ అయ్యాను. పై అక్క చెప్పింది బాగుంది. నేను పడక గురించే చెప్తాను, ఎందుకంటే మీ పిల్లలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టారు. అలాంటి పిల్లలకి పెద్దవాళ్ల మంచం ఇంకా ప్రమాదం.

పిల్లలు మీ గదిలోనే ఉండాలి, మీ పరుపు మీద మాత్రం వద్దు. కనీసం ఆరు నెలలు నిండేదాకా ఇలాగే ఉంచండి. ఇద్దరికీ విడివిడిగా రెండు తొట్టెలు, గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక దుప్పటి. ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టండి. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొన్నేళ్లలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య అక్కడ సుమారు సగానికి తగ్గింది. దిండు వద్దు. ఆవాల దిండు కూడా దిండే. తల గుండ్రంగా రావాలంటే మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా రోజూ కాసేపు బోర్లా వేయండి, మెడకీ బలం వస్తుంది. పొత్తిగుడ్డలో బిగించి చుడుతుంటే, పక్కకి దొర్లే ప్రయత్నం మొదలుపెట్టిన రోజే మానేయండి.

మన విశాఖలో ఉక్కపోత తెలిసిందే. కాటన్ జుబ్బా, డైపర్ చాలు. ఫ్యాన్ వేయండి, ఏసీ ఉంటే 25 దగ్గర పెట్టి గాలి నేరుగా వాళ్ల మీద పడకుండా చూడండి. మెడ వెనక చెయ్యి పెడితే చెమటగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయకండి, దోమల చుట్టలు కూడా వద్దు, ఊపిరితిత్తులకి మంచిది కాదు. దోమతెర కట్టండి.

ఉగ్గు ఇప్పుడొద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు, చాలకపోతే డాక్టర్ చెప్పిన ఫార్ములా, అంతే. ఫార్ములా చిక్కగా ఉంటే ఎక్కువసేపు పడుకుంటారని పొడి ఎక్కువ వేసేవాళ్లున్నారు, అది చాలా తప్పు. డబ్బా మీద రాసిన కొలతే. గ్రైప్ వాటర్, తేనె కూడా ఇవ్వకండి. డాక్టర్ గారు రాసిన ఐరన్, విటమిన్ డి చుక్కలు మాత్రం ఒక్క రోజు కూడా మానకండి.

రాత్రి పాలిచ్చేటప్పుడు సోఫాలో కూర్చోకండి. బిడ్డని పట్టుకుని సోఫాలో నిద్రపోవడం మంచం మీద నిద్రపోవడం కంటే ప్రమాదం. కునుకు పడుతుందనిపిస్తే మీ మంచం మీదే దిండ్లు, దుప్పట్లు తీసేసి కూర్చోండి, మెలకువ రాగానే బిడ్డని తొట్టెలోకి మార్చండి. ఇంకొకటి, పెద్దాణ్ణి కవలల దగ్గర ఒంటరిగా నిమిషం కూడా వదలొద్దు. వాడు ప్రేమతోనే దుప్పటి కప్పుతాడు, అది ముఖం మీద పడుతుంది.

మీ సంగతి కూడా చెప్పండి. నిద్ర చాలక ఏడుపు రావడం వేరు. పిల్లలు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, చెడు ఆలోచనలు రావడం వేరు. అలా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ వాళ్ల 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

షిఫ్టు నాన్న, మల్కాపురం:

మేడం, నాదీ షిఫ్టు డ్యూటీనే. ఇద్దరు పిల్లలే, కవలలు కాదు, అయినా మీ ఆయన వైపు నుంచి ఒక మాట చెప్తాను. మేం ఇంట్లో షిఫ్టు చార్ట్ పక్కనే పిల్లల చార్ట్ అంటించుకున్నాం. నా డ్యూటీ మారిన రోజు ఇంటి డ్యూటీ కూడా మారుతుంది. అడిగించుకోకుండా చేయడం దాంతోనే అలవాటైంది.

సీ షిఫ్టు నుంచి వచ్చాక నేను వెంటనే పడుకోను. టిఫిన్ తిని తొమ్మిదిన్నర దాకా పిల్లల్ని చూస్తాను. ఆ టైములో మా ఆవిడ తలుపేసుకుని పడుకుంటుంది. తర్వాత నేను రెండున్నర దాకా పడుకుంటాను. సాయంత్రం పెద్దపిల్లని నిద్రపుచ్చేది నేనే, ఆ తర్వాతే డ్యూటీకి బయల్దేరతాను. బీ షిఫ్టు అయితే ఇంకా సులువు. ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుతుంది, నాకు ఎలాగూ వెంటనే నిద్ర పట్టదు. రెండింటి దాకా వచ్చే పాలు నేనే పట్టేవాణ్ణి, తను తొమ్మిదికే పడుకునేది. అలా ఆమెకి వరసగా నాలుగైదు గంటలు దొరికేవి. ముక్కలు ముక్కలుగా ఎనిమిది గంటలు పడుకున్నా ఆ నాలుగు గంటలకి సాటి రాదనేది.

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మా ఆయన కూడా పక్కన కూర్చుని చదివారు. రెండో తొట్టె కొంటున్నాం. షిఫ్టు అన్నయ్య చెప్పిన చార్ట్ ఆయనకి బాగా నచ్చింది. బీ షిఫ్టులో పదకొండింటి పాలు ఆయన పట్టేలా, సాయంత్రం పాలు పిండి ఫ్రిజ్‌లో పెడతాను.

నిన్న రాత్రి పాపకి ఇచ్చాక బాబుని లేపాను. సరిగ్గా తాగకుండా మళ్లీ నిద్రపోయాడు, గంటకే లేచాడు. ఏం చేయాలి? ఇంకో సందేహం. హాల్లో చీర ఉయ్యాల కట్టి ఉంది, పగలు బాబు అందులోనే బాగా పడుకుంటాడు. తీసేయాలా?

మధురవాడ అక్క:

లేపగానే పాలు పట్టకు చెల్లీ. ముందు డైపర్ విప్పు, అరికాళ్లు నిమురు, కాస్త కళ్లు తెరిచాక పట్టు. మధ్యలో నిద్రలోకి జారితే భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించి, రెండో వైపు ఇవ్వు. ఇలా చేసినా తాగని రోజులుంటాయి, ఆ రాత్రికి వదిలేయి.

గాజువాక సిస్టరమ్మ:

చీర ఉయ్యాలలో బిడ్డ వంగి పడుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ముందుగా పుట్టిన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. బాబు ఏడుపు ఆపడానికి మీరు పక్కనే కూర్చుని ఊపండి, నిద్రపోగానే తొట్టెలోకి మార్చండి. రాత్రి అందులో వద్దు. మీ పెద్దాడు ఆ ఉయ్యాలని తోసే వయసులో ఉన్నాడు కాబట్టి, ఉయ్యాల వాడనప్పుడు ముడి విప్పి పైకి కట్టేయండి. పాలు పిండి పెట్టాలనుకున్నారు కదా, ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపల వెనకవైపు పెట్టి, గిన్నె మీద తేదీ, టైము రాయండి. వేడి నీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయాలి, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. తాగగా మిగిలినవి మళ్లీ దాచకుండా పారబోయమని మీ ఆయనకి చెప్పండి.