ఫొటో అతికించాక పేజీ వంగిపోతోంది

ప్రశ్న: 12 అంగుళాల చదరపు స్క్రాప్‌బుక్ పేజీ, 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితం. తెల్ల జిగురుతో ఫొటో అతికిస్తే, ఆరేసరికి పేజీ వంగిపోతోందండీ. ఏం చేయాలి?

జవాబు 1: ఆ జిగురులో నీళ్లుంటాయండి. తడికి కాగితం నార ఉబ్బి, ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. ఫొటో కాగితం అంతగా కదలదు, అందుకే ఈ వంపు. పేజీకి 250 జీఎస్‌ఎం కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) తీసుకోండి. ఫొటోకి జిగురు మానేసి, యాసిడ్ లేని డబుల్ సైడ్ టేపు నాలుగంచులకీ వేసి, మధ్యలో ఒక పట్టీ పెట్టండి. మూలలు వదిలేస్తే ముందు అవే లేస్తాయి.

జవాబు 2: టేపు పొర తీసేలోపు అన్నీ పేజీ మీద పరిచి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూడండి. పెద్ద ఫొటో ఎక్కడో తేలేదాకా నేను అలంకారాల జోలికే వెళ్లను. మ్యాట్, అంటే ఫొటో కింద అంచులా పెట్టే కాగితం, చుట్టూ 3 మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు.

జవాబు 3: మడత పేజీలైతే కాగితాన్ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూసి, తేలిగ్గా వంగిన వైపే మడవండి; కాగితం నార సాగిన దిశ అదే. నారకు అడ్డంగా మడిస్తే మడత పగులుతుంది.