అల్సర్‌కి క్లిడినియం క్యాప్సూల్ ఇచ్చారు, నాన్నకి మూత్రం రావట్లేదు సరిగ్గా

గోదారోడు: నాన్నకి 68. అర్ధరాత్రి కడుపునొప్పితో లేచి కూర్చుంటున్నారని ఎండోస్కోపీ చేయిస్తే డుయోడినల్ అల్సర్ (చిన్నపేగు మొదట్లో పుండు) అన్నారు. యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్‌తో పాటు క్లోర్‌డయాజిపాక్సైడ్, క్లిడినియం కలిసిన క్యాప్సూల్ రాశారు. నొప్పి తగ్గింది కానీ నోరు పిడచకట్టుకుపోతోంది, మోషన్ కూడా ఫ్రీగా అవట్లేదు, నిన్నటినుంచి మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తోందట. ప్రోస్టేట్ వాపుకి ముందునుంచే ట్యాబ్లెట్ వాడతారు, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పామో లేదో గుర్తులేదు. ఆపేయొచ్చా?

చిన్నక్క: మా అత్తయ్యకి కూడా ఇదే ఇచ్చారండి, ఏం కాలేదు. మజ్జిగ బాగా తాగించండి.

పీజీ_కష్టాలు: అక్కా, మీ అత్తయ్యకి ప్రోస్టేట్ ఉండదు కదా 🙂 అన్నా, ఇది మజ్జిగతో పోయేది కాదు, రాసిన డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చెయ్యి, తర్వాతి డోస్ వెయ్యకముందే. మూత్రం పూర్తిగా ఆగి పొత్తికడుపు ఉబ్బితే ఫోన్లు కాదు, క్యాజువాలిటీకే. క్లిడినియం యాంటీకొలినర్జిక్, అంటే కడుపుకి వెళ్ళే వేగస్ నరం నుంచి ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం తెచ్చే సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, దాంతో యాసిడ్ కొంత తగ్గుతుంది, పేగు పట్టేయడం తగ్గుతుంది, కానీ అదే ఎసిటైల్‌కొలిన్ సిగ్నల్ మీద లాలాజలం, మూత్రాశయం, కంటిపాప అన్నీ నడుస్తాయి కాబట్టి ఇవన్నీ కలిపి దెబ్బతింటాయి. ప్రోస్టేట్ వాపు, నీటికాసుల్లో యాంగిల్ క్లోజర్ రకం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. 1970లకి ముందు వేరే దారిలేక అల్సర్‌కి ఇదే రకం ప్రొపాంథెలిన్ లాంటివి రాసేవారు, యాసిడ్‌ని బాగా తగ్గించే సిమెటిడిన్ 1976లో, తర్వాత ఒమెప్రజోల్ వచ్చాక వీటి అవసరం దాదాపు పోయింది. మన దగ్గర ఇంకా గ్యాస్ మందులా రాసేస్తున్నారు, అదే నాకు ఒళ్ళుమంట.

మెడికల్‌షాప్ బాబాయ్: అందులో క్లోర్‌డయాజిపాక్సైడ్ మత్తు మందు బాబూ. పెద్దాయన రాత్రి లేచేటప్పుడు తూలి పడతారు, చూసుకో. కొన్ని రోజులే వాడితే ఆపడం పెద్ద సమస్య కాదు, నెలల తరబడి వాడినవాళ్ళే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ ఏమన్నా మింగుతున్నారా?

గోదారోడు: అవును బాబాయ్, ఎసిక్లోఫెనాక్, షాపులో అడిగి తెచ్చుకుంటారు 😞 డాక్టర్‌కి ఫోన్ చేశా, క్యాప్సూల్ ఆపమన్నారు, సాయంత్రం రమ్మన్నారు.

పీజీ_కష్టాలు: అల్సర్‌కి అసలు కారణం ఆ నొప్పి మాత్రే అయ్యుండొచ్చు. సాయంత్రం హెచ్ పైలోరీ (అల్సర్ తెచ్చే బ్యాక్టీరియా) టెస్ట్ చేశారా అని కూడా అడుగు, ఎండోస్కోపీలో ముక్క తీసి ఉంటే రిపోర్ట్‌లో ఉంటుంది. లేకపోతే బ్రెత్ టెస్ట్ ఉంది, కాకపోతే దానికి రెండు వారాల ముందు పాంటాప్రజోల్ ఆపాలి, లేదంటే ఆ బ్యాక్టీరియా ఉన్నా లేదని చూపించొచ్చు. ఎప్పుడు ఆపాలో ఆయన్నే చెప్పమను, మీరు ఆపకండి.