శ్రమల దినాల్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటే తప్పా?

తెనాలి కుర్రాడు:
అందరికీ వందనాలు. మాది సీఎస్ఐ సంఘం, తెనాలి దగ్గర పల్లెటూరు. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య వరస, తాగుడికి బానిసై ఉన్న ఎకరం పోగొట్టుకున్నాడు. వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పోయిన దసరా ముందు డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పించాం. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు. సంక్రాంతికి వదిన తిరిగొచ్చింది. మార్చి 15 ఆదివారం ఆరాధన అయ్యాక పందిరేసి, కృతజ్ఞత కూడిక పెట్టి, సంఘం అంతటికీ భోజనం పెట్టాలని పెద్దమ్మ మొక్కుకుంది. ఆ తారీఖే ఎందుకంటే వదిన వాళ్ళన్న దుబాయ్ నుంచి వచ్చేది ఆ వారమే. ఏప్రిల్ 5 ఈస్టర్‌కి ఉండడు.

అది ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలం, అంటే శ్రమల దినాలు కదా, కమిటీ పెద్దలు ఒప్పుకోలేదు. "శ్రమల దినాల్లో షామియానాలేంటి, పలావులేంటి? ఈస్టర్ అయ్యాక పెట్టుకోండి" అన్నారు. అయ్యగారేమో కమిటీ మాట కాదనలేనన్నారు. పెద్దమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. దేవుడు కనికరించాడని ఈ నలభై రోజుల్లో సంతోషపడితే తప్పా? మీ మీ సంఘాల్లో ఎలా ఉందో చెప్పండి.

గోదారి సంఘపెద్ద:
బాబూ, మీ అన్నయ్య మారినందుకు దేవునికి స్తోత్రం. కానీ మీ కమిటీ చెప్పింది సబబే. నేనూ చాలా ఏళ్ళుగా సంఘపెద్దనే. ఏడాది పొడుగునా పుట్టినరోజు కూడికలు, గృహప్రవేశాలు, పలావులు ఉండనే ఉన్నాయి. మోకాళ్ళ మీద ఉండేది ఈ కాస్త కాలమే. అందుకే మన పాతవాళ్ళు పెళ్ళిళ్ళు కూడా ఆపారు. ఒంటిపూట ఉపవాసం, సాయంత్రం ఇంటింటి కూడికలు, వండేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, ఇవన్నీ ఊరికే రాలేదు. "ఉపవాసముండి కన్నీరు విడుచుచు దుఃఖించుచు మనఃపూర్వకముగా తిరిగి నాయొద్దకు రండి" అన్నాడు కదా యోవేలు 2:12లో. ఈ ఏడు మీకు దుబాయ్ టికెట్ అడ్డమొచ్చింది. వచ్చే ఏడు ఇంకొకరికి ఫంక్షన్ హాలు దొరకలేదంటారు. కమిటీ ఎవరికని కాదంటుంది?

పై గది:
ప్రైజ్ ది లార్డ్. అసలు బైబిల్లో శ్రమల దినాలు ఎక్కడున్నాయి బ్రదర్? మాకు ప్రతి రోజూ ఈస్టరే. మా దగ్గరికి రండి, ఈ రోజే పెట్టుకోవచ్చు కూడిక.

గుణదల కొండ కింద:
పై గది గారూ, సంఘం మారమని ఎవరూ సలహా అడగలేదండీ.

మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ సంఘం. ముందు లెక్క చూడండి. ఈ ఏడాది శ్రమల దినాలు మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 18. అక్కణ్ణుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులొస్తాయి. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు ఉపవాసం ఉండకూడదన్నది చాలా పాత పద్ధతి. అంటే మీ పెద్దమ్మ గారు ఎంచుకున్న రోజు నలభైలో లేనే లేదు.

పైగా మార్చి 15 నాలుగో ఆదివారం. దాన్ని మేం లెతారే ఆదివారం అంటాం, సంతోష ఆదివారమన్నమాట. యెరూషలేముతో కలిసి సంతోషించండి అనే యెషయా 66వ అధ్యాయం మాటతో ఆనాటి పూజ మొదలవుతుంది. ఫాదర్ గారు ఊదారంగు వస్త్రం బదులు గులాబీ రంగుది వేసుకోవచ్చు. తపస్సు కాలమంతా, అంటే మీరనే శ్రమల దినాలంతా, పీఠం మీద పూలు పెట్టరు, వాయిద్యం పాటకు ఆసరాగా తప్ప మోగదు. ఆ ఒక్క ఆదివారం ఈ రెండు నియమాలకీ సెలవు. అల్లెలూయ మాత్రం అప్పుడు కూడా పాడం. ఉపవాసం ఎత్తేసినట్టు కాదు, ఏటవాలు మెట్ల మధ్య కాసేపు నిలబడి ఊపిరి తీసుకున్నట్టు.

ఇంకో సంగతి. ఈ ఏడాది ఆ రోజు మాకు వచ్చే సువార్త పాఠం యోహాను 9, పుట్టు గుడ్డివాడికి చూపు వచ్చిన అధ్యాయం. అక్కడ పరిసయ్యుల అభ్యంతరం ఏంటి? విశ్రాంతి దినాన చేశాడు కాబట్టి ఈయన దేవుని దగ్గర్నుంచి వచ్చినవాడు కాదని! పుట్టినప్పట్నుంచి చీకట్లో ఉన్నవాడు చూస్తున్నాడంటే, అయ్యో ఎంత మంచి మాట అన్నవాడు ఒక్కడు కనపడడు ఆ అధ్యాయంలో. కన్నవాళ్ళు కూడా వెలివేస్తారన్న భయంతో "వాడినే అడగండి" అని తప్పుకున్నారు. కమిటీవారికి ఆ అధ్యాయం ఒకసారి చదివి వినిపించండి. గొడవకి కాదు లెండి.

ఏలూరు ఆడపడుచు:
నేను వేరే సంగతి చెప్తా. మా పేటలో శ్రమల దినాలు మొదలైతే ఆడవాళ్ళకి పండగే. మా ఆయనతో సహా సగం మంది మగవాళ్ళు మందు మానేస్తారు. దేవుడి భయమో, జనం ఏమంటారనో, మాకైతే అనవసరం. కూలి డబ్బులు ఇంటికొస్తాయి, రాత్రి పూట అరుపులుండవు. ఈస్టర్ నాడు తెల్లారగట్ల సమాధుల తోటలో ఆరాధన, మధ్యాహ్నం మటన్, పొద్దుగూకేసరికి సీసా. ఏటా ఇదే వరస.

అందుకని నియమం గట్టిగా ఉండాలనే నేనూ అంటాను, సంఘపెద్ద గారి పక్షమే. కానీ అయ్యా, మందు మానినవాడికి విందు ఈస్టర్ అయ్యాక పెట్టమంటున్నారే, పేటంతా మళ్ళీ మొదలెట్టేది ఆ వారమే కదా? వచ్చిన నలుగురిలో ఇద్దరు తాగే వస్తారు. ఇప్పుడైతే ఒక్కడు కూడా వాసనతో రాడు. ఆ పిల్లాడి మంచి కోరేవాళ్ళయితే శ్రమల దినాల్లోనే పెట్టించాలి.

తెనాలి కుర్రాడు:
అక్కా, ఈ మాట మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నిజంగా కమిటీకి ఇదే చెప్తాను.

గుంటూరు లూథరన్:
ఆడపడుచు గారి మాట తర్వాత చెప్పడానికి పెద్దగా లేదు గానీ, యోవేలు దగ్గర నాకో అభ్యంతరం ఉంది. సంఘపెద్ద గారు 12 దగ్గర ఆగిపోయారు. 13లో కారణం ఉంది. ఆయన కరుణావాత్సల్యములు గలవాడు, అత్యంత కృపగలవాడు గనుక తిరగండి అంటాడు ప్రవక్త. క్షమిస్తాడని తెలిశాకే ఏడవమంటున్నాడు. క్షమించేవాడని తెలిసిన ఇంటికి వెళ్ళేవాడి ఏడుపులో సంతోషం లేకుండా ఎలా ఉంటుంది?

విభూతి బుధవారం మనందరం చదువుకునే 51వ కీర్తన చూడండి. అంత కన్నీటి ప్రార్థనలోనూ "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడిగాడు దావీదు. ఆనందం పాపం పోయాక ఎప్పుడో తర్వాత వచ్చే బహుమానమని అనుకోలేదాయన. అదే ప్రార్థనలో అడిగేశాడు. ప్రభువైతే ఉపవాసమున్నప్పుడు దుఃఖముఖులై ఉండొద్దని, తలంటుకుని ముఖం కడుక్కోమని మత్తయి 6లో స్పష్టంగానే చెప్పాడు.

1517లో లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని. నలభై రోజులు కాదు, బతుకంతా. పశ్చాత్తాపం ఉన్నచోట సంతోషం ఉండకూడదంటే ఇక సంతోషించే రోజే లేదు మనకి. మావాళ్ళ మాటే ఎందుకు, ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన సన్యాసులకు రాసిన నియమావళిలో 49వ అధ్యాయం ఈ కాలం గురించే. తిండి, నిద్ర, కబుర్లు తగ్గించుకోమంటాడు. తగ్గించుకునేది పరిశుద్ధాత్మ ఇచ్చే సంతోషంతో అర్పించమంటాడు, ఈస్టర్ కోసం సంతోషంతో ఎదురుచూడమంటాడు. అంత కఠినమైన మఠంలోనే ఇలా ఉంటే, పప్పన్నం పెడతానన్న ఒక తల్లిని ఆపడం ఏం న్యాయం?

గోదారి సంఘపెద్ద:
లూథరన్ గారూ, ఆ అధ్యాయం నేనూ చదివాను. చివర్లో ఏముందో రాయలేదు మీరు. ఎవరేం అర్పించుకోవాలన్నా ముందు మఠాధిపతికి చెప్పి, ఆయన అనుమతితో చెయ్యాలి, లేకపోతే అది గర్వమే అన్నాడు. అనుమతి సంగతే కదా నేనూ మొదట్నుంచి మొత్తుకునేది!

సరే, ఆ వాదన పక్కన పెడతాను. నా భయం వేరే ఉంది. మా సంఘంలో ఒకతను ఇలాగే మానేశాడు. మేం మురిసిపోయి మైకిచ్చి సాక్ష్యం చెప్పించాం, దండలేశాం. కొన్నాళ్ళకి పడిపోయాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ దండ. ఆ తర్వాత పడ్డాక ఇక గుడి గుమ్మం తొక్కలేదు. దారిలో నేను ఎదురైతే సందులోకి తిరిగిపోతాడు. తాగుడు కంటే మేం వేసిన దండల బరువే ఎక్కువైందేమో అతనికి. దసరా నుంచి అంటే ఎంతని? కొంచెం ఆగమనడం కనికరం కాదంటారా?

ఏలూరు ఆడపడుచు:
ఇది మాత్రం నిజం. అందుకే సాక్ష్యం వద్దు, అన్నం పెట్టండి చాలు. లూకా 15లో తండ్రి, ఆస్తి తగలేసి తిరిగొచ్చిన కొడుకు చేత సాక్ష్యం చెప్పించాడా? దారి పొడుగునా వల్లె వేసుకొచ్చిన మాటలే పూర్తిగా చెప్పనివ్వలేదు, పనివాళ్ళలో ఒకడిగా పెట్టుకో అనేలోపే చెప్పులు తెమ్మన్నాడు. మళ్ళీ పోతాడేమో, ఆర్నెల్లు చూద్దాం అని కూడా అనుకోలేదు.

ఇంతకీ తమ్ముడూ, ఇంతమందిమి ఇంత రాశాం. మీ అన్నయ్యని ఎవరైనా అడిగారా?

గోదారి సంఘపెద్ద:
అక్కడ క్రొవ్విన దూడని కూడా కోశారమ్మా. అది మాత్రం కుదరదు.

గుణదల కొండ కింద:
పప్పుచారుతో కూడా సంతోషపడొచ్చు సార్.

తెనాలి కుర్రాడు:
నిన్న రాత్రి అడిగాను. "అమ్మ సంతోషం కోసం ఏదైనా సరే. నన్ను మాత్రం ముందుకు పిలవకండి, వడ్డన దగ్గర ఉంటా" అన్నాడు. పెద్దమ్మ కూడా దిగొచ్చింది. పందిరి లేదు, దండల్లేవు. వసారాలో బంతి భోజనాలు, గుత్తొంకాయ, పప్పుచారు, పెరుగు. అయ్యగారు ఒక ప్రార్థన చేస్తానన్నారు. ఆడపడుచు అక్క చెప్పిన ఈస్టర్ వారం సంగతి విన్నాక కమిటీలో ముగ్గురు మెత్తబడ్డారు. ఇద్దరు మాత్రం ససేమిరా అంటున్నారు, ఆ రోజు మా గుమ్మం తొక్కేది లేదంటున్నారు.

పై గది:
వంకాయ మాకు పడుతుంది బ్రదర్, మేమూ రావచ్చా?

గోదారి సంఘపెద్ద:
మైకు లేకపోవడం అన్నిటికంటే మంచిది, చుట్టుపక్కల ఇంటర్ పరీక్షల పిల్లలుంటారు. ఆ ఇద్దరి ఇళ్ళకీ మీ పెద్దమ్మ గారినే వెళ్ళి పిలవమనండి, ఫోన్లో వద్దు. అప్పటికీ రాకపోతే క్యారేజీలు పంపించండి.