లాక్‌డౌన్‌ని కాదని షట్టరు ఎత్తినవాడు ఓటు అడిగితే వెయ్యాలా?

టీనగర్_తెలుగు:
డాలస్‌లో సెలూన్ నడిపిన షెల్లీ లూథర్ పేరు కొందరికైనా గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్ 24న, ఇంకా అనుమతి రాకముందే, సెలూన్ తెరిచింది. మూసెయ్యమని అధికారులు పంపిన కాగితాన్ని జనం ముందే చింపేసింది. మే 5న జడ్జి 7 రోజుల జైలు, 7,000 డాలర్ల జరిమానా వేశారు. రెండు రోజులకే టెక్సస్ సుప్రీంకోర్టు ఆమెని విడిచిపెట్టమంది. గవర్నరు గ్రెగ్ ఆబట్ అయితే తన ఉత్తర్వుల్లోంచి జైలు శిక్షనే తీసేశారు. ఆ ఏడాదే రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేసి ఓడింది, 2022లో రాష్ట్ర ప్రతినిధుల సభకి పోటీ చేసి మళ్లీ ఓడింది, 2024లో గెలిచింది.

మన చెన్నైలో ఇలాంటి షాపు ఓనరు ఎవరైనా ఓటు అడిగితే వెయ్యాలా వద్దా? నేను వెయ్యాలనే అంటాను. లెక్క చూడండి. 2020లో ఇక్కడ సెలూన్లు మూతపడింది మార్చి 25 నుంచి మే 31 దాకా 68 రోజులు, మళ్లీ జూన్ 19 నుంచి జూలై 5 దాకా 17 రోజులు. మొత్తం 85. నెలకి 25,000 అద్దె కట్టే చిన్న సెలూన్‌కి ఒక్క అద్దే 71,000 దగ్గర పడుతుంది. కుర్చీలో ఒక్కడూ కూర్చోకుండా! అదే సమయంలో టాస్మాక్‌ని, అంటే సర్కారు మద్యం షాపుల్ని, మే 7న తెరిచారు. గుంపులు చూసి హైకోర్టు మరుసటి రోజే మూయిస్తే, సర్కారు సుప్రీంకోర్టుకి వెళ్లి 15న స్టే తెచ్చుకుంది. మందు కోసం ఢిల్లీ దాకా వెళ్లిన ప్రభుత్వం, మంగలి షాపు కోసం ఎక్కడికి వెళ్లింది?

కోయంబేడు_తక్కెడ:
చెన్నైలో టాస్మాక్ తెరిచింది ఆగస్టు 18న. మే నెలలో తెరుచుకున్నవి బయటి జిల్లాల్లోవి. ఆ ముక్క కూడా చెప్పాలి కదా.

ఇక అసలు విషయం. వ్యాపారి తన షాపు సంగతి తానే తేల్చుకుంటానంటే ఏమవుతుందో ఈ ఊళ్లో వేరే ఉదాహరణ అక్కర్లేదు, కోయంబేడు టోకు మార్కెట్టు చాలు. ఏప్రిల్‌లోనే మార్కెట్‌ని విడగొట్టి వేరే చోట్లకి మార్చుదామని అధికారులు అడిగారు. వ్యాపారులు ససేమిరా అన్నారు. మే 5న మూసేసరికి ఆలస్యమైపోయింది. కూలీలు, లారీ డ్రైవర్లు అప్పటికే కడలూరు, విల్లుపురం, అరియలూరు వెళ్లిపోయారు, ఆ జిల్లాల్లో కేసులు ఒక్కసారిగా లేచాయి. కూరగాయల మార్కెట్టు ఊరి బయట తిరుమళిశైకి పోయింది, వాన పడితే బురదలో. మళ్లీ కోయంబేడులో కూరగాయల షాపులు తెరుచుకున్నది సెప్టెంబరు చివర్లో. మొదట్లో సర్దుబాటుకి ఒప్పుకోనందుకు దాదాపు ఐదు నెలలు పోయాయి.

టీనగర్_తెలుగు:
తక్కెడ అన్నా, ఒక పళ్లెమే చూపిస్తే ఎలా? ఏప్రిల్ 24న ఏం ప్రకటించారు? 26 నుంచి 29 దాకా చెన్నైలో సంపూర్ణ లాక్‌డౌన్ అని. మధ్యలో మిగిలింది ఒక్క 25వ తేదీ. నాలుగు రోజుల సరుకు ఒక్క పూటలో కొనమంటే జనం కోయంబేడు మీద పడకుండా ఇంకేం చేస్తారు? ఆ గుంపుని తయారుచేసింది ఆదేశమే.

కోయంబేడు_తక్కెడ:
అది ఒప్పుకుంటాను. 25 నాటి గుంపు సర్కారు చేతులారా చేసుకున్నదే. కానీ అది ఆదేశాన్ని చక్కగా రాయలేదన్న వాదన. ఆదేశాన్ని చింపెయ్యొచ్చన్న వాదన కాదు.

సెలూన్‌నే తీసుకోండి. మొహానికి జానెడు దూరంలో పావుగంట, అరగంట పని. ఎక్కువ షాపుల్లో ఉండేది స్ప్లిట్ ఏసీ. అది బయటి గాలి లాగదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపు మూసి ఏసీ వేస్తే పొద్దున వచ్చిన కస్టమరు దగ్గింది మధ్యాహ్నం వచ్చినవాడు పీలుస్తాడు. అందుకే జూన్‌లో తెరవనిచ్చినప్పుడు ఏసీ వద్దన్నారు, పేరు, ఫోను, ఆధార్ నంబరు రాసుకోమన్నారు. ఆధార్ దేనికో నాకూ అర్థం కాలేదు, ఫోను నంబరు చాలదా? కానీ ఏసీ సంగతి మాత్రం సరైనదే. ధిక్కరించి తెరిచినవాడు ఈ ఒక్క పని చేశాడా లేదా అన్నదే నేను ముందు అడుగుతాను. తలుపులు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, అపాయింట్‌మెంటు మీద ఒక్కొక్కరినే పిలిచినవాడు వేరు, కెమెరా కోసం తెరిచినవాడు వేరు.

వకీలు_పురసవాక్కం:
మొదటి పోస్టుకి ఒక సవరణ. లూథర్‌ని జైల్లో పెట్టింది సెలూన్ తెరిచినందుకు కాదు, మూయమన్న కోర్టు ఉత్తర్వుని ఖాతరు చెయ్యనందుకు. అది కోర్టు ధిక్కారం. తప్పు ఒప్పుకుని, అనుమతి వచ్చేదాకా మూస్తానంటే జైలు లేకుండా వదిలేస్తానని జడ్జి అవకాశం ఇచ్చారు, ఆవిడ ఒప్పుకోలేదు. టెక్సస్‌లో సెలూన్లకి మే 8 నుంచి ఎలాగూ అనుమతి వచ్చింది. అంటే తీర్పుకీ అనుమతికీ తేడా మూడు రోజులు! ఆ మూడు రోజులే ఆవిడ రాజకీయ పెట్టుబడి.

మన దగ్గర ఈ దారి పుట్టదు, ఎందుకంటే చట్టం కట్టుబడి వేరు. 1897 నాటి అంటువ్యాధుల చట్టంలో ఆదేశం మీరినవాడికి సొంత శిక్ష లేదు, 3వ సెక్షను ఐపీసీ 188 (అధికారి ఆదేశం ధిక్కరించడం) వైపు చెయ్యి చూపిస్తుంది. 188లో మామూలుగా నెల దాకా జైలు లేదా 200 రూపాయల జరిమానా, ప్రాణాలకి ముప్పు తెస్తే 6 నెలలు లేదా 1,000. పైగా సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 195 ప్రకారం సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తేనే మేజిస్ట్రేటు 188ని విచారణకి తీసుకోవాలి. పోలీసులు తమంతట తాము 188 కింద ఎఫ్ఐఆర్ కట్టడం కుదరదని మద్రాసు హైకోర్టు 2018లోనే జీవానందం కేసులో చెప్పింది. అందుకే 188 పక్కన 269 (నిర్లక్ష్యంతో రోగం వ్యాపింపజేయడం) తగిలించేవాళ్లు, ఎఫ్ఐఆర్ నిలబడటానికి.

విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షను కాస్త బరువైనది: జైలు ఏడాది దాకా, ప్రాణనష్టం జరిగినా ముప్పు ముంచుకొచ్చినా రెండేళ్ల దాకా. 2020 సెప్టెంబరు తర్వాత తమిళనాడు ప్రజారోగ్య చట్టం కింద సెలూన్లు, జిమ్ములు నిబంధనలు పాటించకపోతే అక్కడికక్కడే 5,000. షాపుల వాళ్లు నిజంగా భయపడింది ఈ 5,000కీ, సీలుకీ.

మింట్_స్ట్రీట్_చిల్లర:
భయపడింది లాఠీకి కూడా అండి. సెక్షన్లు తర్వాత.

తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ షాపు నడిపిన జయరాజ్, బెన్నిక్స్‌ల మీద వచ్చిన ఆరోపణ ఏమిటి? టైము దాటాక షాపు తెరిచి ఉంచారని. 2020 జూన్ 19న పట్టుకెళ్లారు, నాలుగు రోజులు తిరక్కుండా తండ్రీకొడుకులిద్దరూ చనిపోయారు. సీబీఐ పోలీసుల మీద హత్య కేసు పెట్టాల్సి వచ్చింది. ఆ ఎఫ్ఐఆర్‌లో 188 ఒక్కటే లేదు, విధులకి అడ్డుపడ్డారని 353 కూడా ఉంది. డాలస్‌లో జైలుకెళ్లి మూడో రోజుకి హీరోగా బయటికి వచ్చిన ఆవిడతో మన చిన్న వ్యాపారిని పోల్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి. కెమెరా ముందు కాగితం చింపే ధైర్యం, చింపాక ఏమీ కాదన్న నమ్మకం ఉన్నవాళ్లకే వస్తుంది.

మారతహళ్లి_మామయ్య:
బెంగళూరు నుంచి ఒక మాట. ఇక్కడ అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప 2020 మే 6న 1,610 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. 2,30,000 మంది మంగలివాళ్లకి, 60,000 మంది చాకలివాళ్లకి తలా 5,000. దరఖాస్తు సేవాసింధు పోర్టల్లో, వృత్తి ధ్రువపత్రం జత చెయ్యాలి. టీనగర్ గారి 71,000 అద్దె పక్కన 5,000 పెడితే ఎంతో మీరే చూసుకోండి. ఇక రాజకీయాల్లోకి దిగుదామన్నా చిన్నవాడికి వార్డే మొదటి మెట్టు. బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి వార్డు ఎన్నికే లేదు. కోపం వేడిగా ఉన్నప్పుడు బ్యాలెట్టు లేదు.

వార్డు_లెక్క:
చెన్నైలో బ్యాలెట్టు వచ్చింది కాబట్టి లెక్క వెయ్యొచ్చు. 2022 ఫిబ్రవరి 19, 200 వార్డులు, 61 లక్షల పైచిలుకు ఓటర్లు. వార్డుకి సగటున 30,000. పోలింగ్ 44 శాతం లోపే, అంటే వార్డుకి 13,000 ఓట్లు. నలుగురైదుగురు గట్టివాళ్లుంటే నాలుగైదు వేలు తెచ్చుకున్నవాడు పోటీలో ఉన్నట్టే. షాపుకి రోజుకి 40 మంది వచ్చే వీధి సెలూన్ ఓనరుకి ఇది అందని అంకె కాదు. అయినా గెలిచిన స్వతంత్రులు ఎందరు? 200లో 5. డీఎంకే ఒక్కటే 153.

అసెంబ్లీ అయితే ఇంకా కష్టం. డిపాజిట్టు 10,000, పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది. స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులు కావాలి, గుర్తింపు పార్టీవాడికి ఒక్కడు చాలు. ఈ ప్రతిపాదకుల దగ్గరే చాలా నామినేషన్లు తిరగ్గొడతారు: సంతకం పెట్టినవాడి పేరు పక్క నియోజకవర్గం జాబితాలో ఉంటుంది, లేదా భాగం నంబరు తప్పు. పదికి తొమ్మిది సరిపోయినా చెల్లదు. ఎన్నికల ఖర్చుకి వేరే బ్యాంకు ఖాతా, నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే తెరవాలి. ఫలితాల తర్వాత 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్ల దాకా అనర్హత. ఓడినవాడు లెక్క ఇవ్వడం మర్చిపోతాడు, అక్కడ దొరికిపోతాడు.

లూథర్ 2024లో గెలిచింది రిపబ్లికన్ ప్రైమరీలో, సిట్టింగ్ సభ్యుడి మీద. అక్కడ పార్టీ ఓటర్లే అభ్యర్థిని ఎన్నుకుంటారు, వచ్చేది కొద్దిమంది, వాళ్లలో కోపం ఉన్నవాళ్లు ఎక్కువ. పైగా అప్పటికి లాక్‌డౌన్ పాత కథ, ఆ ఏడాది పోరు అటార్నీ జనరల్ పాక్స్‌టన్ అభిశంసన మీద నడిచింది, ఆయన మద్దతు ఈవిడకి. లాక్‌డౌన్ వేడి ఉన్న 2020లోనే ఓడింది కదా. న్యూజెర్సీలో జిమ్ము తెరిచి అరెస్టయిన ఇయన్ స్మిత్ 2022లో కాంగ్రెస్‌కి దిగి ప్రైమరీలోనే పోయాడు.

మన దగ్గర టికెట్టు పార్టీ ఆఫీసులో తేలుతుంది. అక్కడ అడిగేది ఎన్ని షట్టర్లు ఎత్తావని కాదు, నీ వెనక ఎన్ని షాపులున్నాయని. వణిగర్ (వర్తక) సంఘాల సమాఖ్య అధ్యక్షుడు విక్రమరాజా గారి అబ్బాయి ప్రభాకరరాజా 2021లో విరుగంబాక్కం నుంచి డీఎంకే ఎమ్మెల్యే అయ్యారు. చెన్నైలో వ్యాపారి రాజకీయం నడిచే దారి అది.

టీనగర్_తెలుగు:
దారి అదే అని చెప్పి ఊరుకుంటే ఎలా? సంఘంలో లేనివాడి సంగతి ఎవరు మాట్లాడతారు? బ్యాంకు అప్పు ఉన్నవాడికి అప్పట్లో ఈసీఎల్‌జీఎస్ (కేంద్రం హామీ ఉన్న అత్యవసర అప్పు) కింద 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం ఇంకో అప్పు ఇచ్చారు. అప్పే లేనివాడికి 20 శాతం అంటే సున్నా. తోపుడు బండికి 2020లో స్వనిధి అప్పు 10,000. అద్దె షాపులో, చేబదులు మీద నడిచే సెలూన్‌కి రెండూ రాలేదు. వీళ్లలోంచి ఒకడు లేచి నిలబడితే నేను ఓటేస్తాను. తక్కెడ అన్న చెప్పినట్టు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాడా అని అడిగే వేస్తాను, సరేనా?

కోయంబేడు_తక్కెడ:
అడిగి వేస్తే నాకు పేచీ లేదు. షాపు టైమింగ్స్ మీద హైకోర్టులో రిట్ వేశాడా అని కూడా అడగండి. అది వెయ్యకుండా నేరుగా షట్టరు ఎత్తినవాడికి మాత్రం నా ఓటు పడదు.

మింట్_స్ట్రీట్_చిల్లర:
వకీలు గారూ, ఒక సందేహం. 2021 ఫిబ్రవరిలో లాక్‌డౌన్ కేసులన్నీ ఎత్తేస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ప్రకటించారు కదా. అలాంటి కేసు ఉన్నవాడు నామినేషన్‌లో దాన్ని చూపించాలా?

వకీలు_పురసవాక్కం:
చిక్కంతా అక్కడే ఉంది. ప్రకటన ఫిబ్రవరి 19న, సుమారు 10 లక్షల కేసులు. కానీ పోలీసులకి అడ్డుపడినవి, హింస, దొంగ ఈ-పాస్ కేసులు అందులో లేవు. అంటే షట్టరు దించమన్న కానిస్టేబుల్‌తో గొడవపడి 353 పడినవాడి కేసు అలాగే ఉంది. 353కి గరిష్ఠం రెండేళ్లు. సరిగ్గా రెండేళ్లూ పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) కింద అనర్హత, శిక్ష పూర్తయ్యాక ఇంకో ఆరేళ్లు. ఏడాది పదకొండు నెలలు పడితే లేదు.

ఎత్తేసిన కేసు కూడా ప్రకటనతోనే పోదు. చార్జిషీటు పడ్డ కేసు అయితే ప్రాసిక్యూటరు సీఆర్‌పీసీ 321 కింద పిటిషను వెయ్యాలి, కోర్టు ఒప్పుకోవాలి. అప్పటిదాకా అది పెండింగే. 2021 నామినేషన్లు మార్చి 12 నుంచి 19 దాకా, అంటే ప్రకటనకీ దాఖలుకీ మధ్య మూడు నాలుగు వారాలే. కాబట్టి అలాంటివాడు చెయ్యాల్సింది: ఆ స్టేషనులో ఎఫ్ఐఆర్ నంబరు, కోర్టులో కేసు నంబరు, ప్రస్తుత స్థితి కనుక్కోవాలి. మూసేసినట్టు కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ చేతికి రాకపోతే ఫారం 26లో (నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్) పెండింగ్ అనే రాయాలి. రాస్తే ఆ కేసు వివరాలు సీ-1 నమూనాలో మూడుసార్లు పేపర్లో, టీవీలో సొంత ఖర్చుతో ప్రకటన ఇవ్వాలి, ఆ ఖర్చూ లెక్కలోకే వస్తుంది. దాచి దొరికితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు.

2024 జూలై 1 నుంచి నంబర్లు మారాయి. ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది: 188 ఇప్పుడు బీఎన్‌ఎస్ 223, మామూలు జరిమానా 200 కాదు, 2,500 దాకా, జైలు ఆరు నెలల దాకా. 353 ఇప్పుడు 132. పాత కేసు పాత సెక్షనుతోనే నడుస్తుంది కాబట్టి ఫారంలో ఎఫ్ఐఆర్‌లో ఉన్న నంబరే రాయాలి.