నేరేడు రంగు ఒంట్లో ఎక్కడికి పోతుంది?
అమలాపురం దగ్గర మా ఊళ్లో కాలువ గట్ల మీద నేరేడు చెట్లు ఎక్కువ. జూన్ వస్తే పిల్లలందరి నాలుకలూ ఊదా రంగే. నా సందేహం ఆ తరువాతి సంగతి. బీట్‌రూట్ కూర తింటే మా అబ్బాయికి మూత్రం ఎర్రగా వస్తుంది. దోసెడు నేరేడు పండ్లు తిన్నా ఆ ఛాయే ఉండదు. ఎందుకని?

నేను చదివినంతలో, నేరేడు రంగు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది, బీట్‌రూట్ ఎరుపు బీటనిన్ అనే రంగు పదార్థానిది. రెండూ వేర్వేరు కుటుంబాలు. ఆంథోసయనిన్లు కొంతవరకు జీర్ణాశయం నుంచే రక్తంలో కలుస్తాయట, కానీ మారకుండా మూత్రంలోకి వచ్చేది చాలా స్వల్పం. మిగిలిన దానిలో చాలా భాగాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా విడగొట్టి ఫినాలిక్ ఆమ్లాలనే చిన్న పదార్థాలుగా మారుస్తుంది. అంటే రంగు అక్కడే పోతుందా? మరి నేరేడు తిన్న మర్నాడు మలం నల్లగా ఉండటం విరగకుండా మిగిలిన రంగు వల్లనా?

బీట్‌రూట్ తిన్న అందరికీ ఇలా జరగదని, ఇనుము లోపం ఉన్నవారిలో ఎక్కువని కూడా చదివాను. అబ్బాయికి రక్తపరీక్ష చేయించడం మంచిదా? పొట్టలో వెంట్రుకలు కరుగుతాయంటూ నేరేడు తినిపించే మా అత్తగారిని అడిగి లాభం లేదు. వైద్యులుగానీ, పోషకాహారం చదివినవారుగానీ చెప్పగలరు.